యాస దాచుకోకుండా

సినిమాలో మా సిక్కోలు (శ్రీకాకుళం) యాస వినబడితే, చాలాసార్లు అది పనివాడిదో అమాయకుడిదో అయ్యుంటుంది. హాలు నవ్వుతుంది, నా మనసు చివుక్కుమంటుంది. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి ముందు నిలబడితే ఆ బాధే కోపమవుతుంది. ఈ శ్రీముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరం. పూరీ జగన్నాథాలయం తలపెట్టిన చోడగంగదేవుడి వంశం ఏలిన నేల. వెనుకబడిన ప్రాంతమట!

పక్కనే పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి పుట్టారు. జనం మాటకు బడిలో, పుస్తకంలో చోటు కావాలని పోరాడారు. గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు అందులోనే చదువు చెప్పించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు వేదికలెక్కీ మా పిల్లలు యాస దాచుకుంటున్నారు.

2020లో 'పలాస 1978' సినిమా ఈ యాసను కథానాయకుడికిచ్చింది. దర్శకులారా, ఇక డాక్టరు నోట, న్యాయమూర్తి నోట కూడా పలికించండి.