షమొర్దినో మఠము

కాన్వెంటు అనగానే తెలుగునాట బాలబాలికలకు స్ఫురించునది ఇంగ్లీషు పాఠశాల. కాని ఆ మాటకు మొదటి అర్థము వేరు. క్రైస్తవ సన్యాసినులు కలిసి నివసించు మఠమునకు అది పేరు. రష్యాదేశమున అట్టి మఠములు పెక్కు కలవు. అచ్చటి క్రైస్తవులలో అధికసంఖ్యాకులు ఆర్థొడాక్స్ శాఖకు చెందినవారు. వారు రోములోని పోపు అధికారము నంగీకరింపరు. ప్రాచీనమైన పూజావిధానమును, పవిత్రచిత్రములను భక్తితో కాపాడుకొనుచున్నారు. ఆ శాఖవారి మఠములలో షమొర్దినో యొకటి. అది ఒక పల్లెలో పుట్టి, పెరిగి, అరువదియేడేండ్లు మూతపడి, మరల తెరువబడినది.

మాస్కో నగరమునకు నైరుతిదిశయందు కలూగా ప్రాంతము కలదు. అందు సెర్యోనా యను చిన్న నది యొడ్డున, ఎత్తైన గట్టుమీద షమొర్దినో గ్రామమున్నది. దానికి కొలదిదూరముననే ఆప్తినా యను పురుషుల మఠము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ మఠమునందు ఆంబ్రోసి యను గురువుండెను. ఆయన 1812లో జన్మించెను. వ్యాధిపీడితుడై జీవితమున అధికభాగము పడకమీదనే గడపెను. అయినను రైతులు, వితంతువులు, పండితులు తమ కష్టములు చెప్పుకొనుటకై ఆయన గుమ్మముకడ కాచియుండెడివారు. కుమారుని కోల్పోయి కుమిలిపోవుచున్న దోస్తోయెవ్‌స్కీ మహారచయిత కూడ 1878లో ఆయనను దర్శించి ఓదార్పు పొందెను.

ఆ కాలమున స్త్రీ యెవతెయైనను మఠమున చేరగోరినచో సాధారణముగా కొంత ధనము చెల్లింపవలసియుండెను. చేతిలో కాసులేని బీదరాలికి, రోగపీడితురాలికి, చూపులేనిదానికి చోటు దొరకుట దుర్లభము. ఎవరికిని అక్కరలేనివారు ఎచ్చటికి పోవలయును? ఈ ప్రశ్న ఆంబ్రోసిని ఎడతెగక బాధించుచుండెను.

ఆయన శిష్యురాండ్రలో క్లుచరేవా అను సంపన్నురాలొకతె యుండెను. ఆమె షమొర్దినోలో భూములు కొని, తల్లిలేని కవలలగు తన మనుమరాండ్రకై యుంచెను. ఆ బాలికల పేర్లు వేరా, ల్యూబోవ్. విశ్వాసము, ప్రేమ అని వాని యర్థము. ఒకవేళ వారికేదైన కీడు మూడినచో, ఆ భూమిపై స్త్రీలమఠము వెలయవలయునని ఆమె నిర్ణయించెను. 1881లో నాయనమ్మ కన్నుమూసెను. 1883లో, పండ్రెండేండ్ల ప్రాయమున, ఆ కవలలిరువురును కంఠసర్పి సోకి కొలదిదినముల తేడాలో గతించిరి. మరుసటి యేట, 1884 అక్టోబరులో, వారికై యుంచిన భూమిపై మఠము తెరువబడెను.

మొదటి అధిపురాలగు సోఫియా నాలుగేండ్లు తిరుగకముందే మరణించెను. ఆమె తరువాత యెఫ్రోసీనియా ఆ బాధ్యత వహించెను. పదవిలో నుండగనే ఆమెకు చూపు పోయెను. గ్రుడ్డిదానికి పెత్తనమేలయని తప్పుకొనబోగా ఆంబ్రోసి వలదనెను. అంధులకు ఆశ్రయమిచ్చుటకై పుట్టిన మఠమును ఒక అంధురాలే నడపెను! అనాథబాలికలకు, వృద్ధులకు, రోగులకు అచ్చట వేర్వేరుగా వసతులేర్పడెను. మాస్కోలోని తేయాకు వర్తకుడు పెర్లోవ్ విరివిగా ధనమీయగా ఎఱ్ఱని ఇటుకలతో కజాన్‌మాత ఆలయము లేచెను. దాని నిర్మాణము పూర్తి కాకమునుపే, 1891లో, ఆంబ్రోసి షమొర్దినోలోనే తుదిశ్వాస విడిచెను.

టాల్‌స్టాయి మహాశయుని చెల్లెలు మరియా కూడ ఈ మఠముననే సన్యాసిని. అన్నగారికి మఠనియమములన్న గౌరవము లేదు. పరుల బుద్ధితో బ్రతుకు ఏడువందలమంది వెర్రివాండ్రు ఇచ్చట చేరిరని ఆయన ఒకమారు పరిహాసమాడెనని చెప్పుదురు. ఆమె కోపింపలేదు. ఒక దిండు స్వయముగా కుట్టి, ఆ ఏడువందలమంది వెర్రివాండ్రలో ఒకతె యిచ్చిన కానుక యని దానిపై దారముతో వ్రాసి పంపెను. ఆయన దానిని పారవేయలేదు. ఆ దిండు ఆయన స్వగ్రామమగు యాస్నయా పొల్యానాలోని ప్రదర్శనశాలలో నేటికిని కలదు.

1910లో గాంధీజీ దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయి క్షేత్రమును నెలకొల్పెను. ఆ సంవత్సరమే నవంబరులో, ఎనుబదిరెండేండ్ల వయసున, టాల్‌స్టాయి ఒకనాటి తెల్లవారుజామున ఇల్లు విడిచి వెడలెను. ఆయనను క్రైస్తవసంఘము వెలివేసి అప్పటికి తొమ్మిదేండ్లు గడచియుండెను. అట్టివాడు వెదకుకొనుచు వచ్చినది షమొర్దినోలోని చెల్లెలి గుడిసెకే. ఆ పల్లెలోనే ఒక గది అద్దెకు తీసికొని యుండిపోవలెనని కూడ ఆయన తలచెను. కాని తన్నెవరైన వెదకివత్తురేమోయను భయమున చీకటితోనే మరల బయలుదేరి, వారము దినములకే ఒక రైలుస్టేషనులో అసువులు బాసెను. వెలివేయబడినవానికి సైతము ఆ గుమ్మము తెరచియే యుండెను.

తరువాత కాలము మారెను. 1917 విప్లవము పిమ్మట నూతన ప్రభుత్వము మఠములను మూయసాగెను. 1923లో షమొర్దినో మూతపడెను. వందలకొలది సన్యాసినులు తలకొక దిక్కున చెదరిపోయిరి. కట్టడములు వ్యవసాయ విద్యాలయమునకు చేరెను. గోడలు నిలిచియే యున్నవి. కాని ఎవరికిని అక్కరలేనివారికి అచ్చట చోటులేకపోయెను.

1990లో మఠము తిరిగి సన్యాసినుల వశమయ్యెను. అచ్చటికి వచ్చినవారికి కనిపించినవి పాడుపడిన కట్టడములు. వారు ప్రార్థనతో పాటు పలుగును, పారను చేతబట్టిరి. శిథిలములను తొలగించిరి, కప్పులు బాగుచేసిరి, పొలము దున్నిరి, పశువులను పెంచిరి. ఇటుకగోడలు ఎఱ్ఱగా మరల మెరసెను. నేడు పెక్కుమంది సన్యాసినులు అచ్చట పాటుపడుచు ప్రార్థించుచున్నారు.

ఆలయమును బాగుచేయుటకు ఇటుకలు, సున్నము చాలును. మఠమును బ్రతికించుటకు అవి చాలవు. గుమ్మముకడ నిలిచిన నిరుపేదను లోపలికి రమ్మను మనసు కావలయును. షమొర్దినో పునాదిలోనున్నది అట్టి మనసే. పండ్రెండేండ్లకే రాలిపోయిన ఇద్దరు బాలికలకు దక్కని భూమి, ఎన్నడును తమదని చెప్పుకొనుటకు చోటులేని వేలమందికి ఇల్లయ్యెను.