ముందు కొలత... ఆ తర్వాతే కరెంటు!

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఓ పాత ఇంటి అటక దులుపుతుంటే, నల్లటి కీబోర్డులాంటి పెట్టె బయటపడిందనుకుందాం. పక్కనే బరువైన అడాప్టరు, నాలుగు క్యాసెట్లు. పిల్లలకు అదేమిటో తెలీదు. నాన్న కళ్లు మాత్రం మెరుస్తాయి... అది ఆయన తొలి కంప్యూటర్! ‘పనిచేస్తుందేమో చూద్దాం’ అంటూ ప్లగ్గు చేతిలోకి తీసుకుంటారు. సరిగ్గా అక్కడే ఆగాలి.

బ్రిటన్‌కు చెందిన సింక్లెయిర్ సంస్థ 1982లో తెచ్చిన ఇంటి కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. తర్వాత వచ్చిన స్పెక్ట్రమ్ ప్లస్‌ను డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని 1980లలోనే మన దేశంలో అమ్మింది. వేరే తెర అక్కర్లేదు, ఇంట్లో టీవీ చాలు. రాసుకున్న ప్రోగ్రాములు టేప్‌రికార్డర్ క్యాసెట్‌లో దాచుకోవాలి. మెమరీ 48 కిలోబైట్లు. ఇప్పటి ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు!

దాని అడాప్టర్‌ మీద 9 వోల్టులు, 1.4 ఆంపియర్లు అని ఉంటుంది. కానీ వోల్టేజీని నిలకడగా ఉంచే ఏర్పాటు అందులో లేదు. గోడ దగ్గర కరెంటు ఎగిస్తే ఇదీ ఎగుస్తుంది. టీవీకీ ఫ్రిజ్‌కీ స్టెబిలైజర్ పెట్టుకున్నవారికి ఆ బాధ చెప్పక్కర్లేదు. కంప్యూటర్ లోపలి చిప్‌లకు ముఖ్యంగా కావాల్సింది 5 వోల్టులే. 7805 అనే రెగ్యులేటర్ ఆ మేరకు దించి, మిగతాదాన్ని వేడిగా వదిలేస్తుంది. ఒక ఆంపియర్ వాడితే, 9 వోల్టుల దగ్గర 4 వాట్ల వేడి. 12 వోల్టులొస్తే 7 వాట్లు! పైగా ఇన్నేళ్లలో అడాప్టర్‌లోని కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు.

మరి కొత్తది ఎలా ఉండాలి? 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుని, నిలకడగా 9 వోల్టులిచ్చే 2 ఆంపియర్ల అడాప్టర్ సరిపోతుంది. అయితే ఓ మెలిక ఉంది. బజార్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి పిన్ను మధ్యలో పాజిటివ్. స్పెక్ట్రమ్‌కు మధ్యలో నెగెటివ్! అందుకే పిన్ను దగ్గర తీగలు మార్చి అతకాలి. 230 వోల్టుల వైపు మాత్రం విప్పకూడదు. చేత కాకపోతే టీవీ రిపేరు తెలిసినవారితో చేయించడమే మేలు.

వెంటనే కంప్యూటర్‌కు తగిలించకూడదు. ముందుగా 10 ఓంలు, 20 వాట్ల రెసిస్టర్‌కు కలిపి అరగంట ఉంచాలి. అది కాలుతుంది, ముట్టుకోవద్దు. మీటర్ ముల్లు 9 దగ్గరే నిలిస్తే అడాప్టర్ పాసైనట్టే.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? ఈ కంప్యూటర్‌లోని కొన్ని మెమరీ చిప్‌లకు 5తోపాటు 12, మైనస్ 5 వోల్టులూ కావాలి. వాటిని లోపలే ఓ చిన్న సర్క్యూట్ తయారుచేస్తుంది. అది దెబ్బతిని మైనస్ 5 ఆగిపోతే ఆ చిప్‌లు కాలిపోతాయి. 4116 అనే ఆ రకం తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆళ్లగడ్డ శిల్పులకు ఇది కొత్త పాఠం కాదు. రాయి మీద ఉలి పడకముందే కొలతలు గీసుకుంటారు. ఒక్క పెచ్చు ఊడినా మళ్లీ అతకదు కదా!

పాత అడాప్టర్‌ను పారేయకండి, గుర్తుగా దాచండి. కొత్తదాని మీద ‘9 వోల్టులు, మధ్యలో నెగెటివ్’ అని పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి. ఇంకో పాతికేళ్లకు దాన్ని అటక దించేది మీ మనవడో మనవరాలో కావచ్చు. అప్పుడు చెప్పడానికి పక్కన ఎవరూ ఉండకపోవచ్చు... ఆ చీటీ తప్ప.