పాలచెట్టు అడిగేవాళ్లు లేరు

మా చెల్లెలు అనంతపురం శివార్లలో ఇల్లు కట్టుకుంది. పోయిన జూలైలో ఒక పెద్ద నర్సరీ నుంచి పన్నెండు మొక్కలు తెచ్చి నాటింది. అన్నీ నిలువెత్తువే, తళతళలాడే ఆకులతో కళ్లు చెదిరేలా ఉన్నాయి. ఏప్రిల్ చివరికి తొమ్మిది ఎండిపోయాయి. మిగిలిన మూడింటిని ట్యాంకర్ నీళ్లతో బతికించింది. వీధిలో ఆడవాళ్లు బిందెలతో నిలబడే రోజుల్లో చెట్ల కోసం ట్యాంకర్ తెప్పించడం తనకే కష్టంగా తోచిందట. "అన్నా, నీళ్లడక్కుండా ఎండాకాలమంతా పచ్చగా నిలిచే చెట్టేదో కనుక్కొని చెప్పు" అని ఫోన్ చేసింది. ఆ పని మీదే జూన్ ఆఖర్లో కల్యాణదుర్గం వైపు ఒక చిన్న నర్సరీకి పోయాను.

యజమాని మంచివాడు. షేడ్‌నెట్, డ్రిప్పు, అంటు మామిళ్లు వరసగా చూపించబోయాడు. నేను మాత్రం కానుగ నీడలో కూర్చున్న ఒక పెద్దమ్మ దగ్గర ఆగిపోయాను. ఆమె ముందు గంపెడు వేపపండ్లు. ఒక్కొక్క పండునూ బొటనవేలితో నొక్కి గింజను నీళ్ల బకెట్‌లోకి జారవిడుస్తోంది. తొక్క ఇటు, గింజ అటు. చెయ్యి ఆగదు, చూపు చేతి మీద ఉండదు. గోళ్ల చుట్టూ చర్మం వేపజిగురుకు నల్లబడి పగిలి ఉంది. కడిగిన గింజల్ని గోనెపట్టా మీద నీడలోనే పరుస్తోంది.

"ఎండలో పెడితే తొందరగా ఆరవా పెద్దమ్మా?" అన్నాను.

"ఆరతాయి, చస్తాయి కూడా. ఇది ఈ పొద్దు రాలిందప్పా. ఈ వారంలోనే మన్నులో పెట్టల్ల. నెల దాంక పెట్టుకున్యావంటే అది గింజ కాదు, గులకరాయి."

వేపగింజకు మొలిచే శక్తి కొద్ది వారాలే ఉంటుంది. నేరేడుగింజ అంతకన్నా సున్నితం, తడి ఆరితే పోతుంది. అయితే ఒక్క గింజలోంచే రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిని విడదీసి వేరువేరు కవర్లలో పెట్టాలి. తంగేడు దీనికి పూర్తిగా ఎదురు. దాని గింజ పెంకు గట్టిది, ఉన్నదున్నట్టు వేస్తే నీళ్లు లోపలికి పోవు. పెద్దమ్మ పిడికెడు తంగేడు గింజలు తీసి గరుకు బండ మీద అరచేత్తో రుద్ది చూపించింది. ఒక గింజకు తొందర, ఒక గింజకు తడి, ఒక గింజకు రాపిడి. మేకలు కాసుకుంటూ గుట్టల మీద పెరిగిన మనిషికి ఇవి ఒకరు చెప్పగా వచ్చిన విద్య కాదు. నేనడిగే ప్రతి ప్రశ్నకూ ఆమె జవాబు చేతుల్లోంచే వచ్చింది.

చెల్లెలి మొక్కల సంగతి చెప్పాను. ఆమె లేచి, అమ్ముడుపోక మిగిలిన నిలువెత్తు మొక్క ఒకటి పట్టుకొచ్చి కవరు చింపింది. తల్లివేరు అడుగుకంటా పోయి, దారి లేక కవరు లోపలే నాలుగు చుట్లు చుట్టుకుని ఉంది. "చూడప్పా, ఇది భూమిలో పెట్టినా ఇట్లనే తిరుగుతాంటాది. కిందికి యాడ దిగుతాది?" అంది. పక్కన జానెడు కానుగ మొక్కను తీసి చూపించింది. పైన నాలుగాకులే. కింద వేరు మాత్రం సూటిగా, మొక్కంత పొడవుంది. నర్సరీలో ఏళ్ల తరబడి నిలవున్న ఎత్తయిన మొక్కకు ఎక్కువ డబ్బిచ్చి, తిరిగిపోయిన వేరును ఇంటికి తెచ్చుకుంటున్నామన్నమాట. నా చెల్లెలి తొమ్మిది మొక్కలూ ఎట్లా పోయాయో నాకక్కడ అర్థమైంది.

అనంతపురం సీమలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అటే ఆపేస్తాయి, ఈశాన్య వానలో ఎక్కువ భాగం కోస్తాలోనే కురిసిపోతుంది. నేల చూస్తే పలచని ఎర్రమన్ను, దాని కింద రాయి. ఇలాంటి చోట పచ్చగా ఉండే చెట్టు ఉంటుందా అని బయటినుంచి వచ్చినవాళ్లు అడుగుతారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల మేర ఊడలు దించుకుని ఇదే కరువు నేల మీద నిలబడి ఉంది. 1989లోనే గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఇంటి ఆవరణలో మర్రి నాటమని చెప్పను గానీ, పచ్చదనం ఈ నేలకు కొత్త కాదని చెప్పడానికి ఆ ఒక్క మాను చాలు.

కానుగను చూడండి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది. నాలుగు రోజుల్లోనే మళ్లీ చిగురు. వాన ఇంకా రెండు నెలల దూరంలో ఉండగా, ఎండ ముదిరే ఉగాదినాటికి చెట్టంతా నూనె రాసినట్టు మెరిసే కొత్తాకు. వేపదీ అదే తీరు. పైమన్ను నిప్పులా కాలుతున్నా ఆ ఆకుకు కావలసిన తడి లోతునుంచి వేరే తెచ్చిపెడుతుంది. జమ్మి వేరు మరీ లోతు. ఇక పొదల్లో బందారు ఉంది. ఆకుకు జిగురుపూత, అందుకే అది మెరుస్తుంది, తడిని బయటికి పోనివ్వదు, మేక కూడా మూతి పెట్టదు. మన గుట్టల నిండా పెరిగే ఈ పొదను కత్తిరించి పెంచితే చక్కని కంచె అవుతుంది. తంగేడు ఏడాదిలో ఎక్కువ కాలం పసుపుపచ్చగా పూస్తుంది, బతుకమ్మలో పేర్చేదీ తెలంగాణ రాష్ట్ర పుష్పమూ అదే. కలేకాయల పొద ముళ్లకంచె, ఊరికే పండ్లు కూడా ఇస్తుంది. వీటిలో ఒక్కదాన్ని కూడా పరదేశం నుంచి తెచ్చుకోనక్కర్లేదు.

అయినా పరదేశపు చెట్టును తెచ్చుకున్నాం. సోమాలియా, యెమెన్ వైపు నుంచి వచ్చిన కోనోకార్పస్‌ను తొందరగా పెరుగుతుందని రోడ్ల మధ్యా, ఇళ్ల ముందూ బారులు బారులుగా నాటాం. తెలంగాణలో హరితహారం కింద విరివిగా నాటాక, ఇక నాటొద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. ఆ తొందరే నాకు కోపం తెప్పిస్తుంది. మొదటి రెండేళ్లు కొమ్మ కనపడకుండా వేరు పెంచుకునే చెట్టును మనం 'పెరగడం లేదు' అని తీసేస్తున్నాం.

నేనక్కడ ఉండగానే కారులో ఒక జంట వచ్చింది. "పెద్దవి కావాలి, గృహప్రవేశం లోపల పచ్చగా కనపడాలి" అన్నారు. వాళ్లు వెళ్లాక పెద్దమ్మ ఎవరితోనూ కాకుండా తనలో తానే అనుకున్నట్టు అంది: "బందారు ముందంతా గుట్టనుంచి తెచ్చి యేస్తాంటిమి. అడిగేవోళ్లు లేక ఇడిసిపెడ్తిమి. పాలచెట్టు ఇత్తనం ఏసి మూడేండ్లాయ."

పాలచెట్టు మాట రాగానే యజమాని నవ్వాడు. సపోటా అంటు కట్టడానికి వేరుమొక్కగా వాడేది అదేనన్నాడు. నిజమే. కరువునూ, గట్టినేలనూ తట్టుకునే వేరు కావాలి కాబట్టే సపోటా కొమ్మను పాలమొక్క మీద కడతారు. ఏడాది పొడవునా దట్టంగా పచ్చగా ఉండే చెట్టు, నూరేళ్లు దాటి బతికే చెట్టు, వేసవిలో పసుపుపచ్చని తియ్యని పండ్లిచ్చే చెట్టు. దాని వేరును మాత్రం ఉంచుకుని తలను నరికేస్తున్నాం. మా చిన్నప్పుడు పాలపండ్లు గంపల్లో పెట్టుకుని అమ్ముకొచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ పండు పేరు చెబితే పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. పెద్దమ్మ తర్వాత ఆ గింజను ఎప్పుడు ఏరాలో, ఎలా మొలిపించాలో తెలిసినవాళ్లు ఆ నర్సరీలో ఎవరున్నారని అడిగాను. యజమాని కాసేపు ఆలోచించి, ఎవరూ లేరన్నాడు.

చెల్లెలికి చెప్పింది ఇదీ. పడమటి వైపు, గోడకు ఇరవై అడుగుల ఎడంగా ఒక కానుగ. కంచె వెంబడి బందారు, తంగేడు కలిపి. మూలన పాలచెట్టు. అన్నీ జానెడు, మూరెడు మొక్కలే, వేరు తిరగనివే. జూలై వానకు నాటి, చుట్టూ వెడల్పుగా పాదు తీసి, వేరుశనగ పొట్టు మందంగా కప్పాలి. అది మన జిల్లాలో ఎక్కడైనా దొరుకుతుంది. మొదటి రెండు వేసవులూ వారానికి ఒకసారి బిందెడు నీళ్లు నిదానంగా పొయ్యాలి. రోజూ చెంబెడు పోస్తే వేరు ఆ చెంబెడు తడికోసం పైనే ఉండిపోతుంది. మూడో ఏడు నుంచి అవి తమ నీళ్లు తామే వెతుక్కుంటాయి.

నీళ్లతొట్టి వెనక పదకొండు పాలమొక్కలు ఎవరూ అడగక మిగిలి ఉన్నాయి. పెద్దమ్మ ఒక్కొక్కదాని కవరు అడుగు చింపి వేరు చూసి, రెండు నా చేతికిచ్చింది. తొమ్మిది ఇంకా అక్కడే ఉన్నాయి. ఈ జూలైలో మీ ఊరి నర్సరీకి వెళితే పాలమొక్క ఉందా, బందారు ఉందా అని పేరు పెట్టి అడగండి. లేదంటే, వచ్చే ఏటికి గింజ వెయ్యమని చెప్పి రండి.