ఏ ట్యాంకు నిండింది?

అమెరికాలో తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు ఆర్వీ కిరాయికి తీసుకుని గ్రాండ్ కేన్యన్ సఫర్ పెట్టుకున్నాం. ఆర్వీ అంటే చక్రాల మీద ఇల్లే. మేం దిగిన మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు లేవు. హుకప్ మతలబ్, బండికి బయటి నుంచి కరెంటు, నీళ్లు, మురుగు పైపు తగిలించుకోవడం. అవి లేకుండా గడపడాన్ని డ్రై క్యాంపింగ్ అంటారు.

రెండో రోజు తమ్ముడు "ట్యాంకు నిండిపోతోంది, జర చూసి వాడండి" అన్నాడు. అంతే, అమ్మీ నీళ్లు తాగడం మానేసింది. మగ్రిబ్‌కల్లా పెదాలు ఎండిపోయాయి. పరేషానై అడిగితే, "తాగితే మళ్లీ వెళ్లాలి కదా బేటా. నా వల్ల ట్యాంకు నిండకూడదు" అంది.

గుండె కలుక్కుమంది. బండిలో ట్యాంకులు మూడు. మంచినీళ్లది ఫ్రెష్, సింకు, స్నానం నీళ్లది గ్రే, టాయిలెట్‌ది బ్లాక్. నిండుతున్నది గ్రే, అదీ మా అందరి వజూ నీళ్లతో. బ్లాక్ సగం కూడా కాలేదు. ఆ ఒక్క మాట అమ్మీకి ఎవరమూ చెప్పలేదు.

దగ్గర కూర్చుని నీళ్లు తాగించాను. వజూకి క్యాంప్‌గ్రౌండ్ బాత్రూమ్‌కి తీసుకెళ్లాం. మర్నాడు డంప్ స్టేషన్‌లో ముందు బ్లాక్, తర్వాత గ్రే ఖాళీ చేశాం. అలా చేస్తే గ్రే నీళ్లు పైపును కడిగేస్తాయి. "మన వజూ పానీ ఇక్కడా సఫాయి చేస్తోందే!" అని అమ్మీ నవ్వింది.

పెద్దవాళ్లతో సఫర్ చేస్తే ముందు ఈ అల్ఫాజ్ మతలబ్ వాళ్లకు చెప్పండి. షరమ్‌తో వాళ్లు దాహం దాచుకుంటారు.