ధరణికోట రేవు

గుంటూరు నుండి అమరావతికి పోవువారిలో అధికసంఖ్యాకులు అమరేశ్వరస్వామిని సేవించుటకో, మహాచైత్యమును దర్శించుటకో పోవుదురు. ఆ రెంటికిని సమీపముననే, ఒకప్పుడు ధాన్యకటకమను పేర శాతవాహనులకు రాజధానియై వెలసిన ధరణికోటయందు, కృష్ణవేణికి చేర్చి కట్టిన పెద్ద రేవొకటి యుండెనని ఎరిగి, దానికొరకై పనిగట్టుకొని పోవువారు అరుదు. మాఘమాసపు ఒకనాటి ఉదయమున నేను బయలుదేరినది ఆ రేవు జాడ చూచుటకే.

లాం దాటి తాడికొండ మీదుగా సాగు ఆ త్రోవ పొడవునను నల్లరేగడి. ఒకవంక ఆఖరి తీతకు వచ్చిన పత్తిచేలు తెల్లగా విచ్చియుండగా, వేరొకవంక కల్లములలో ఆరబోసిన మిరపకాయలు కనుచూపు మేరకు ఎర్రని పరుపువలె పరచుకొని యుండెను. ఒక కల్లమువద్ద దిగితిని. తలకు గుడ్డ చుట్టుకొని, కాయలను రెండుచేతుల చెరిగి, ఎరుపు తప్పి తెల్లబారిన తాలుకాయలను వేరుగ ఏరి కుప్పవోయుచున్న ఒక వృద్ధురాలిని, "ఈ కాయంతా ఎక్కడికి పోతుంది, అవ్వా?" అని అడిగితిని. "యార్డుకు పోద్ది నాయనా. ఆడ్నించి ఓడెక్కి ఏ దేశం పోద్దో మాకేం ఎరుక!" అని ఆమె తన పనిలో మునిగెను.

ఆమె మాటలో ఈ మైదానపు చరిత్ర చాలవరకు ఇమిడియున్నది. మిరప మన నేలకు పుట్టినది కాదు. అమెరికా ఖండమున పుట్టి, పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో భారతభూమికి చేరినది. పత్తి యన్ననో తరతరములుగ మనది. ఎర్రసముద్రము మొదలు మన తూర్పుతీరము వరకు గల రేవులను వర్ణించిన క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి గ్రీకు నావికుడొకడు, మసాలియా యనబడు ఈ తీరప్రాంతమున సన్నని నూలుబట్టలు విస్తారముగ తయారగునని వ్రాసియున్నాడు. ఒక పంట ఓడపై వచ్చినది, ఒక పంట ఓడపై పోయినది. ఈ నేలకు సముద్రముతోడి సంబంధము ఎన్నడును తెగలేదు.

ధరణికోటలో నేటికిని ప్రాచీనదుర్గపు మట్టికట్ట దిబ్బగా నిలిచియున్నది. దానిపై నడచుచు చూడ, కాలిక్రింద ఇటుకముక్కలును, ఎర్రని నల్లని పెంకులును అడుగడుగునను కానవచ్చెను. 1962 మొదలు 1965 వరకు పురావస్తుశాఖ పక్షమున వెంకటరామయ్య, రాఘవాచారిగారలు ఇక్కడ త్రవ్వకములు జరిపినప్పుడు, నదినుండి నావలు లోనికి వచ్చుటకై త్రవ్విన కాల్వయును, దానికి చేర్చి కట్టిన రేవును బయల్పడినవి. ఆ రేవు మొదట మ్రానులు పాతి కట్టెతో నిర్మించినది. తరువాతి కాలమున దానిని ఇటుకతో కట్టిరి. ఉరవడి హెచ్చిన కృష్ణలో వరదలవేళ నావను నిలుపుట ప్రాణాంతకము గనుక, ప్రవాహమునుండి ఒక పాయను తమ కోటగోడ చెంతకు మళ్ళించి, నిలుకడగల నీటిలో సరకు దింపుకొనిన ఆ పూర్వుల యుక్తికి చేతులు మోడ్పవలసినదే. లోపలి అడుగున సన్నని చుక్కలు వలయములుగ తీర్చిన నునుపైన పళ్ళెముల పెంకులు ఇక్కడ దొరకినవి. అటువంటివే పుదుచ్చేరి చెంతనున్న అరికమేడునందును దొరకినవి. రెండు తెరచాపకొయ్యలు గల ఓడను నాణెముపై ముద్రించిన శాతవాహనులు, తమ రాజ్యలక్ష్మి ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చక్కగ ఎరిగినవారే.

అచటినుండి అమరావతి ప్రదర్శనశాలకు పోయితిని. పల్నాటి సున్నపురాతిపై విరిసిన పద్మములను, మెడలో హారము దాల్చి పూవులు పొంగు పూర్ణఘటమును చేరువనుండి చూచితిని. ఒక్కొక్క రేకు అంచున ఉలి తడబడక సాగిన తీరు నేటికిని స్పష్టముగ తెలియుచున్నది. ఆ పూర్ణఘటమే నేడు మన రాష్ట్రచిహ్నమందు వెలయుచున్నది. ఈ శిల్పసంపద ఏ ఒక్క రాజు బొక్కసమునుండియు వచ్చినది కాదు. చైత్యమునకు పలకలు, స్తంభములు సమర్పించిన దాతల పేర్లు శాసనములలో నిలిచినవి: నాగుడను ఉపాధ్యాయుని కుమారుడును చర్మకారుడును అగు విధికుడు తన తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కూడి పూర్ణఘటపు పలకను ఇచ్చెను, హంఘుడను సుగంధద్రవ్యముల వర్తకుడును దాతలలో నొకడు. చర్మకారుడు, వర్తకుడు, గృహపతి, భిక్షుణి ఒకే చైత్యమునకు చేయూతనిచ్చిన ఆ కాలమున, వారి చేతికి ధనమందించినది ఆ రేవు. చైత్యమును మాత్రమే కొనియాడి రేవును విస్మరించుట, పంటను మెచ్చుకొని పొలమును మరచుట వంటిది.

పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన రాజధానిని ఇచటికి మార్చి నగరము కట్టించునప్పుడు, చైత్యపు దిబ్బలోని ఇటుకలును రాళ్ళును ఇండ్లకు తరలినవి. కుంఫిణీ సర్వేయరగు కర్నల్ మెకంజీ 1816లో వచ్చి చిత్రములు వ్రాయించి యుండనిచో, ఎన్నో శిల్పముల రూపమైనను మనకు దక్కెడిది కాదు. 1845లో కుంఫిణీ ఉద్యోగియగు ఎలియట్ త్రవ్వించిన శిల్పములు చెన్నపట్టణము చేరి, అనేకము 1859లో లండనుకు ఓడలలో తరలింపబడినవి.

సాయంవేళ అమరేశ్వరుని ఆలయపు మెట్లరేవున కూర్చుంటిని. నది నడుమ ఇసుకతిన్నెలు మేటవేసి యుండగా, వానిని చూచినంతనే ధాన్యకటకపు రేవు ఏల అంతరించెనో బోధపడెను. కాల్వ క్రమముగ పూడినది. పూడిక తీయుటకు వలయు రాజ్యబలమును వర్తకబలమును శాతవాహనుల అనంతరము సన్నగిల్లినవి. శతాబ్దులు గడచినపిమ్మట ఈ మైదానపు ఓడవర్తకమునకు సముద్రతీరపు మోటుపల్లి ఆధారమైనది. అచట కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనము వేయించి, గాలివానకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తును పూర్వరాజులు హరించెడివారని చెప్పి, తాను మాత్రము సుంకము తప్ప వేరేమియు గొననని వర్తకులకు మాట యిచ్చెను. రేవుకు లోతైన నీరెంత అవసరమో, న్యాయమైన మాటయును అంతే అవసరమని ఎరిగిన ప్రభువాతడు.

కావున ధరణికోట దిబ్బపై, ఇచట కాల్వ పారెను, ఇచట నావలు నిలిచెను అని తెలుపు శిలాఫలకమొకటి మన తెలుగులో నిలుపవలెను. గుంటూరు బడులలోని పిల్లలను చైత్యము చూపుటకు తెచ్చునప్పుడు ఈ దిబ్బపైకిని నడిపింపవలెను. తమ తాతలు నేడు కల్లములలో ఎండబోయు పంటవలెనే, తమ పూర్వుల చేతిపనియు దూరదేశముల మన్నన పొందెనని ఆ పిల్లలు కాలితో త్రొక్కి, కంటితో చూచి తెలిసికొనినచో, ఈ నేలను గూర్చి వారికి కలుగు గౌరవము పుస్తకములు చదివి పొందుదానికంటె గట్టిదగును.