టిక్కెట్టుతో పాటు ఆపిల్ పండు!

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళినవాళ్ళు గోల్డెన్ గేట్ వంతెన చూడకుండా రారు. పాటల పిచ్చి ఉంటే మాత్రం గియరీ, ఫిల్‌మోర్ వీధుల కూడలికి కూడా వెళ్ళాలి. అక్కడి మేడ మీది హాలే 'ఫిల్‌మోర్'. మెట్లెక్కగానే తొట్టె నిండా ఆపిల్ పళ్ళు! తీసుకోండి, పైసా అడగరు.

ఈ మర్యాద బిల్ గ్రాహం పెట్టి వెళ్ళింది. 1931లో బెర్లిన్‌లో పుట్టిన యూదు కుర్రాడు. నాజీల బారినుంచి తప్పించుకుని, ఫ్రాన్సు మీదుగా 1941లో అమెరికా చేరాడు. తల్లి మాత్రం వాళ్ళ చేతుల్లోనే పోయింది. న్యూయార్కులో పరాయి ఇంట పెరిగాడు.

తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ నాటక బృందానికి మేనేజరయ్యాడు. పార్కులో నాటకమాడినందుకు వాళ్ళమీద పోలీసు కేసు! ఖర్చులకోసం 1965 డిసెంబరు 10న ఈ హాల్లో సహాయార్థ కచేరీ పెట్టాడు. జనం విరగబడ్డారు. ఇంకేముంది, అదే వృత్తి అయిపోయింది!

మనిషి బేరాల్లో మహా గట్టివాడు, నోరూ పెద్దదే. అయితేనేం? ప్రేక్షకుడంటే ఆయనకి ఇంటికొచ్చిన చుట్టం. 1970లో ఫిల్‌మోర్ వెస్ట్‌లో రాక్ వినడానికి వచ్చినవాళ్ళకి జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్‌ని వినిపించాడు. 1976లో వింటర్‌ల్యాండ్‌లో 'ది బ్యాండ్' వీడ్కోలు కచేరీకి వచ్చిన సుమారు ఐదువేలమందికి ముందు విందు భోజనం, ఆ తర్వాతే పాట! స్కార్సెసీ తీసిన 'ది లాస్ట్ వాల్ట్జ్' ఆ రాత్రి కచేరీయే.

1989 భూకంపంలో ఫిల్‌మోర్ దెబ్బతింది. 1991 అక్టోబరు 25న ఆయన ఎక్కిన హెలికాప్టరు కరెంటు టవరుకి తగిలి కూలిపోయింది. 1994లో హాలు మళ్ళీ తెరుచుకునేనాటికి యజమాని లేడు... అతిథి మర్యాద మాత్రం మిగిలింది.