అట్ట మీది చిన్న అక్షరాలు

గత సంవత్సరం ఒక సాయంత్రం మా అబ్బాయి, వాడి స్నేహితులు ముగ్గురు గిటార్లు భుజాన వేసుకొని మా ఇంటికి వచ్చారు. ఉద్యోగాల వలన హైదరాబాదులో ఉంటున్నా, నలుగురూ నిజామాబాదు, బోధన్ ప్రాంతాల సంఘాలలో పెరిగిన పిల్లలే. ఏ కంపెనీ పెట్టుబడీ లేకుండా, జీతాలలో నుండి దాచుకున్న డబ్బుతో ఆరు తెలుగు పాటలు రికార్డు చేసుకున్నారు. ఇటువంటి వారిని ఇప్పుడు ‘ఇండీ రాక్ బ్యాండు’ అంటారట. ఇండీ అంటే ఇండిపెండెంటు, ఎవరి క్రిందా లేని బృందమని అర్థం చెప్పారు.

“పాటలు ఎలాగూ ఫోనులోనే వింటారు. కాని ఒకరి చేతిలో పెట్టి ఇవ్వడానికి సీడీ ఉండాలి, దానికి మంచి అట్ట ఉండాలి. అది మీరే చేసి పెట్టాలి నాన్నా” అన్నాడు మావాడు.

మేమిద్దరం భార్యాభర్తలం నిజామాబాదులో ఎన్నో ఏండ్లుగా పెండ్లి పత్రికలు, పోస్టర్లు, క్యాలెండర్లు డిజైను చేస్తూ బ్రదుకుతున్నవాళ్ళం. బొమ్మ ఒకరిది, అక్షరం ఒకరిది. పిల్లలు అడిగినందుకు సంతోషించాము. కాని ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. 1997లో మేము చేసిన మరొక అట్ట గుర్తుకు వచ్చింది.

పాటకు ముఖచిత్రం అనే ఆలోచన మరీ పాతదేమీ కాదు. గ్రామఫోను రికార్డుల ఆల్బములు మొదట్లో సాదా అట్టలతో వచ్చేవి. 1940లో అమెరికాలో కొలంబియా రికార్డుల కంపెనీలో పనిచేస్తున్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువకుడు ఆ అట్ట మీద బొమ్మ వేశాడు. అప్పటి నుండి పాటకు ముఖం వచ్చింది. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టు తెచ్చాక ఆ ముఖం అరచేతిలో ఇమిడేంత చిన్నదయింది. క్యాసెట్టు డబ్బాలో మడిచిపెట్టే ఇన్‌లే కార్డు ముందు భాగం 10 సెంటీమీటర్ల ఎత్తు, 6.5 సెంటీమీటర్ల వెడల్పు. వీపు 1.3 సెంటీమీటర్లు. మా పరీక్ష అంతా ఆ కాస్త చోటులోనే.

ఆ సంవత్సరం బోధన్ దగ్గరి ఒక పల్లె సంఘం యౌవనస్థులు ఎనిమిది పాటల క్యాసెట్టు చేశారు. ఆ రోజులలో క్రైస్తవ గీతాల క్యాసెట్టు అంటే మీద మంచు కొండలో, జలపాతమో ఉండవలసిందే. వారూ అదే అడిగారు. మేము ఒప్పుకోలేదు. నిజాంసాగర్ కాలువ నీటితో చెరుకు పండించుకునే ఊరివాళ్ళకు మంచు కొండ ఎందుకు? చెరుకు బండ్లు, వాటి వెనుక శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ పొగగొట్టం వేశాము. 1937లో స్థాపించిన ఆ ఫ్యాక్టరీ సైరనే చుట్టుప్రక్కల పల్లెలకు గడియారం. క్రషింగు రోజులలో మడ్డి వాసన గుడిలోకి కూడా వచ్చేది. ఆ బొమ్మను అందరూ మెచ్చుకున్నారు.

పొరపాటు బొమ్మలో జరగలేదు. లోపలి వైపు జరిగింది.

ఆ ఎనిమిదిలో రెండు పాటలు ఒక పెద్దాయన కట్టినవి. చెరుకు కొట్టే కూలి. చదువు రాదు. ఢోలక్ వాయిస్తూ పాట కట్టేవాడు. యౌవనస్థులు ఇచ్చిన కాగితంలో ఆయన పేరు స్పష్టంగానే ఉంది. కాని పాటల పేర్లు, పాడినవారు, పాస్టరుగారి శుభవచనం, చందాదారుల జాబితా, చిరునామా అన్నీ కూర్చేసరికి రెండు వరుసలు ఎక్కువయ్యాయి. చందా ఇచ్చినవారి పేరు తీస్తే మాట వస్తుంది. పెద్దాయన పేరు తీస్తే అడిగేవారు లేరు. ఆ రెండు వరుసలు తీసివేసి, అన్ని పాటలకూ కలిపి ‘రచన: సంఘ యౌవనస్థులు’ అని పెట్టాము. ఎవరినీ అడగలేదు. పాజిటివులు హైదరాబాదుకు పంపించి, నాలుగు రంగులలో అచ్చు వేయించాము.

విడుదల రోజు ఆరాధన అయ్యాక ఆ పెద్దాయన క్యాసెట్టు తీసుకొని మనుమరాలి చేతికి ఇచ్చి, మొత్తం చదవమన్నాడు. ఆ పిల్ల వ్రేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివింది. ఆయన తల వంచి విన్నాడు. చివరి వరుస ‘ముఖచిత్రం’ అని, దాని ప్రక్కన మా ఇద్దరి పేర్లు! చోటు చాలలేదన్న మేము మా పేర్లకు మాత్రం చోటు మిగుల్చుకున్నాము. ఆ సంగతి ఆ పిల్ల గొంతులో వినేవరకు మాకు తోచనే లేదు.

ఆయన కోపపడలేదు. “బొమ్మ మంచిగేసిన్రు బిడ్డా” అని మాతో ఒక్క మాట అని, మనుమరాలి చేయి పట్టుకొని వెళ్ళిపోయాడు. తప్పయిందని చెప్పడానికి వెళ్ళాలని ఎన్నోసార్లు అనుకున్నాము. నిజామాబాదు నుండి బోధన్ ఎంత దూరం? పెద్ద దూరమేమీ కాదు. అయినా వెళ్ళలేదు. 2009లో ఆయన ప్రభువు సన్నిధికి చేరాడని తెలిసింది.

ఇప్పుడు పిల్లలు తెచ్చిన ఆరు పాటల పట్టికలో ఆరవది ఆయన పాట. చిన్ననాడు సండే స్కూలులో నేర్చుకున్న పాటనే ఎలక్ట్రిక్ గిటారుతో వాయించారు. దాని ఎదుట ‘సంప్రదాయ గీతం’ అని వ్రాసి ఉంది. ఆ మాట వ్రాసింది పిల్లలు. దానికి దారి వేసింది మేము.

మరునాడు పిల్లలను కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాము. చట్టం సంగతి కూడా చెప్పాము. 1957 నాటి కాపీరైటు చట్టం ఇప్పుడున్న రూపంలో, రచయిత చనిపోయాక 60 ఏండ్ల వరకు పాట మీద హక్కు వారసులకు ఉంటుంది. ఎవరిదో తెలియని పాట అని వ్రాస్తే ఆ ఇంటివారి సొత్తును మనం తీసుకున్నట్లే. పిల్లలు మారు మాటాడలేదు. అందరం కలిసి బోధన్ వెళ్ళాము.

ఆ మనుమరాలికి ఇప్పుడు హైస్కూలులో చదివే కొడుకు ఉన్నాడు. సంగతి చెప్పి, క్షమించమని అడిగాము. ఆమె ఏమీ అనక లోపలికి వెళ్ళి పాత ట్రంకు పెట్టెలో నుండి ఆ క్యాసెట్టు తెచ్చింది. ఇన్‌లే కార్డు విప్పితే, రెండు పాటల ప్రక్కన నీలం బాల్ పెన్నుతో, చిన్నపిల్ల దస్తూరితో ఆయన పేరు ఉంది. “ఆ దినం రాత్రే రాసిన. తాతకు సదివి ఇనిపించిన” అన్నది. మేము తలలు వంచుకున్నాము.

పాటకు అనుమతి ఇచ్చింది. ఈ వ్యాసంలో తాతగారి పేరు వ్రాయమంటారా అని అడిగితే, “పాట మీద ఉంటే సాలు” అన్నది. అందుకే ఇక్కడ వ్రాయలేదు.

క్రొత్త అట్ట మీద కూడా పొగగొట్టమే వేశాము. అలవాటు కొద్దీ పొగ కూడా వేస్తే పిల్లలే వద్దన్నారు. 2002లో ప్రైవేటువారి చేతికి వెళ్ళిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఆగిపోయింది. లేని పొగను ఉన్నట్లు చూపడం ఎందుకన్నారు. మాకు ఆ మాట నచ్చింది. వెనుక వైపు ముందుగా పేర్లు కూర్చి, మిగిలిన చోటులో అలంకారం పెట్టాము. ఇన్నేండ్ల మా వృత్తిలో ఈ వరుసలో పని చేయడం అదే మొదటిసారి.

రోమా పత్రిక చివరి అధ్యాయం నిండా పేర్లే. పౌలు చెప్పుచుండగా కలం పట్టి వ్రాసిన తెర్తియు అనే సహోదరుని పేరు కూడా అక్కడ ఉంది. వ్రాతగాని పేరుకు అక్కడ చోటు దొరికింది. ఆ అధ్యాయాన్ని త్వరగా చదివి దాటివేసే మేము ఇప్పుడు ఆగి చదువుతున్నాము.

ప్రియ పాఠకులారా, మీ సంఘంలో పాటల సీడీయో, వార్షికోత్సవ సంచికయో అచ్చుకు సిద్ధమవుతుంటే ఒక్క పని చేయండి. ప్రెస్సుకు పంపక ముందు, ఆ పనిలో చేయి వేసిన వారందరినీ పిలిచి, చిన్న అక్షరాలన్నీ బిగ్గరగా చదివించండి. ఎవరి ముఖం చిన్నబోయిందో చూడండి. అచ్చయిన తరువాత దిద్దడానికి మాకు పాతికేండ్లు దాటింది. అప్పటికి వినవలసిన మనిషి లేడు.